వాంకోమైసిన్‌కు కొత్త తోక: పాత యాంటీబయాటిక్‌ను మార్చే పనిలో నా అనుభవం

వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు అమెరికాలో 1958లో అనుమతి లభించింది. హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థలో నేను పీహెచ్‌డీ చేసినన్నాళ్లూ చేసిన పని ఆ పాత అణువుకు కొన్ని కొత్త భాగాలను రసాయనికంగా అతికించడం, దానికి లొంగడం మానేసిన బాక్టీరియాను ఆ మారిన అణువు మళ్లీ చంపగలుగుతుందా లేదా అని పరీక్షింపజేయడం. బయటివాళ్లకు ఇందులో అతికించడమే గొప్పపనిగా కనిపిస్తుంది. నా అనుభవంలో అది పనిలో చిన్న భాగం. అతికించినదాన్ని శుద్ధి చేయడం, అది నిజంగా అనుకున్నచోటే అతుక్కుందని నిరూపించడం, దాని బలాన్ని, హానిని ఒకే నిజాయితీతో కొలవడం, ఈ మూడే నా కాలాన్నంతా తీసుకున్నాయి.

కొత్త మందు కనిపెట్టకుండా ఉన్నదాన్ని సవరించడమేమిటని మా ఇంట్లో కూడా అడిగేవారు. యాంటీబయాటిక్కుల చరిత్ర తెలిసినవారికి ఈ ప్రశ్న రాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. ఆ తరవాత ఫైజర్ కంపెనీలో లాయిడ్ కానోవర్ అనే రసాయన శాస్త్రవేత్త అదే అణువులోని క్లోరిన్ పరమాణువును తీసేసి, ఆ స్థానంలో హైడ్రోజన్‌ను ఉంచి టెట్రాసైక్లిన్‌ను తయారుచేశాడు. 1955లో దానికి పేటెంటు వచ్చింది. ప్రకృతి తయారుచేసిన యాంటీబయాటిక్‌ను మనిషి ముట్టుకుంటే పాడవుతుందే తప్ప మెరుగుపడదని అప్పటిదాకా చాలామంది నమ్మేవారు. డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ మొదలుకొని 2005లో వచ్చిన టైగీసైక్లిన్ వరకు ఆ కుటుంబంలోని మందులన్నీ అలాంటి సవరణల ఫలితాలే. పెనిసిలిన్ విషయంలోనూ అంతే: దాని గుండెకాయ వంటి భాగాన్ని విడదీసి, పక్క గొలుసును మార్చి మెథిసిలిన్ తయారుచేశారు. అయితే 1961లోనే ఇంగ్లండ్‌లో మెథిసిలిన్‌ను లెక్కచేయని స్టఫైలోకాకస్ అనే బాక్టీరియా కనిపించింది. అంటే ఈ పద్ధతి ఎంత పాతదో, దాని పరిమితి కూడా అంతే పాతది.

మెథిసిలిన్‌కు లొంగని ఆ స్టఫైలోకాకస్‌కు దశాబ్దాలపాటు చివరి ఆసరాగా నిలిచినది వాంకోమైసిన్. బోర్నియో నుంచి ఒక మిషనరీ పంపిన మట్టిలో దొరికిన సూక్ష్మజీవి దీన్ని తయారుచేస్తుంది. తొలిరోజుల్లో శుద్ధి సరిగా కుదరక గోధుమరంగులో ఉండేదట, అందుకని ‘మిసిసిపీ బురద’ అని ఎగతాళి చేసేవారట. మేము కొనే వాంకోమైసిన్ హైడ్రోక్లోరైడ్ మాత్రం తెల్లని పొడి. ఏడు అమైనో ఆమ్లాల గొలుసు, వాటి పక్క వలయాలు ఒకదానికొకటి అతుక్కుని గిన్నెలాగ వంగిన ఆకారం, ఆ గిన్నె మీద రెండు చక్కెరలు, రెండు క్లోరిన్ పరమాణువులు, మొత్తం అణుభారం 1449. బాక్టీరియా తన గోడను కట్టుకునే క్రమంలో ప్రతి ఇటుక చివర డి-అలనైన్, డి-అలనైన్ అనే జంటను ఉంచుతుంది. వాంకోమైసిన్ ఆ జంటను అయిదు హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటుంది. ఇటుక చిక్కుకుపోతే గోడ లేవదు, కణం పగిలిపోతుంది.

ఎంటరోకాకస్ బాక్టీరియా దీనికి కనుక్కున్న విరుగుడు చాలా చిన్నది. 1980ల చివర్లో ఇంగ్లండ్, ఫ్రాన్సు ఆసుపత్రుల్లో బయటపడిన రకాల్లో ఆ జంటలోని రెండో డి-అలనైన్ స్థానంలో డి-లాక్టేట్ ఉంది. ఒక నైట్రోజన్ ఉండవలసినచోట ఆక్సిజన్ వచ్చింది, అంతే. అయిదు బంధాల్లో ఒకటి పోయింది. పోవడమే కాక, ఆ ఆక్సిజన్ ఎదుటి ఆక్సిజన్‌ను తోస్తుంది కూడా. ఫలితంగా పట్టు సుమారు వెయ్యి రెట్లు తగ్గిపోయింది. ఒక్క పరమాణువు మార్పుకు ఇంత ఫలితమా అని మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

దీనికి ఎదురు పన్నాగాలు రెండు రకాలు. గిన్నె లోపలి అమరికనే మార్చి డి-లాక్టేట్‌ను కూడా పట్టుకునేలా చేయడం ఒకటి. అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో డేల్ బోగర్ బృందం ఇది చేసి చూపించింది. కాని దానికి అణువును దాదాపు మొదటినుంచి కట్టుకురావాలి. నాలాంటి విద్యార్థి చేతిలో, మా ల్యాబు ఖర్చులో అది అయ్యేపని కాదు. రెండోది గిన్నెను ముట్టుకోకుండా అంచులకు ఏదైనా తగిలించి, బాక్టీరియాను మరో దారిలో కూడా దెబ్బతీయడం. ఈ రెండో దారిలో టెలావాన్సిన్ 2009లోను, ఒరిటావాన్సిన్, డాల్బావాన్సిన్ 2014లోను అమెరికాలో అనుమతి పొందాయి. మన దేశంలో బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత పరిశోధన కేంద్రంలో జయంత హల్దార్ బృందం వాంకోమైసిన్‌కు ధనావేశం గల కొవ్వు గొలుసులు తగిలించి చేసిన పని ఈ రంగంలో అందరికీ తెలుసు. మాకు ఆ ప్రచురణలు పాఠ్యపుస్తకాల వంటివి.

వాంకోమైసిన్‌లో రసాయనికంగా పట్టు దొరికే చోట్లు నాలుగు: గొలుసు మొదట్లోని అమైన్, చివరి కార్బాక్సిల్, ఒక బెంజీన్ వలయం మీది ఖాళీ, వాంకోసమైన్ అనే చక్కెర మీది అమైన్. మొదటిదాన్ని కదిలిస్తే గిన్నె పట్టు దెబ్బతినే ప్రమాదముంది. మా గైడ్‌గారు చక్కెర మీది అమైన్‌కు ఒక కొవ్వు తోకను, కార్బాక్సిల్ దగ్గర ఒక ధనావేశ భాగాన్ని పెట్టమన్నారు. కొవ్వు తోక బాక్టీరియా పొరలో గుచ్చుకుని మందును అక్కడే నిలబెడుతుంది; ధనావేశం రుణావేశపు పొరవైపు లాగుతుంది. అయితే ఏ తోకైనా సరిపోతుందనుకోకూడదు. టెలావాన్సిన్, డాల్బావాన్సిన్ రెండింటికీ తోకలున్నా, ‘వాన్ఏ’ అనే బలమైన జన్యువుల గుంపును మోస్తున్న ఎంటరోకాకస్ మీద అవి గట్టిగా పనిచేయవు. ఒరిటావాన్సిన్ పనిచేస్తుంది. దాని తోకలోని క్లోరోబైఫినైల్ భాగం గోడ ఇటుకలను కలిపే ఎంజైమును సూటిగా అడ్డుకుంటుందని తరవాతి పరిశోధనలు చూపాయి. నేను మొదట ఎంచుకున్నది అందుకే ఆ క్లోరోబైఫినైల్. పోల్చి చూడడానికి పది, పన్నెండు, పద్నాలుగు కార్బన్ల తిన్నని గొలుసులు కూడా చేశాను.

రియాక్షన్ కాగితం మీద ఒక గీతలో అయిపోతుంది. వాంకోమైసిన్‌ను డీఎంఎఫ్ అనే ద్రావకంలో కలిపి, క్షారం చేర్చి, తోకను మోసే ఆల్డిహైడ్ వేసి 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర తిప్పితే అమైన్‌కు, ఆల్డిహైడ్‌కు మధ్య ద్విబంధం ఏర్పడుతుంది. తరవాత మెథనాల్, కొద్దిగా ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం చేర్చి సోడియం సయనోబోరోహైడ్రైడ్‌తో ఆ ద్విబంధాన్ని ఏకబంధంగా మారిస్తే తోక స్థిరపడుతుంది. ఆమ్లం తగిలితే ఆ రసాయనం నుంచి హైడ్రోజన్ సయనైడ్ వెలువడుతుంది కాబట్టి ఆ అడుగంతా విషవాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లోపలే, అద్దం దించి, పక్కన మరొకరు ఉన్నప్పుడే చేసేవాళ్లం. మిగిలిన వ్యర్థాన్ని క్షారంగా మార్చి బ్లీచుతో నిర్వీర్యం చేసిన తరవాతే వ్యర్థాల డబ్బాలో పోయాలి. కొత్తగా చేరిన విద్యార్థులు సాయంత్రం ఆలస్యంగా ఈ రియాక్షన్ పెడతామంటే మా సీనియర్ అన్న ససేమిరా ఒప్పుకునేవాడు కాదు.

మామూలు సేంద్రియ రసాయనం చేసినవారికి ఇక్కడ మొదట చిరాకు కలిగించేది టీఎల్‌సీ (ప్లేటు మీద చుక్క పెట్టి, ద్రావకంతో పైకి లాగించి చూసే పరీక్ష) పనికిరాకపోవడం. ఇంత నీటిని ప్రేమించే అణువు సిలికా ప్లేటు మీద అడుగునే కూర్చుంటుంది. రియాక్షన్ ఎంతవరకు నడిచిందో తెలియాలంటే ప్రతిసారీ చుక్క తీసి అణువులను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో, అణుభారం కొలిచే మాస్ యంత్రంలో చూడవలసిందే. మాస్ యంత్రం భారాన్ని ఆవేశంతో భాగించి చూపుతుంది కాబట్టి, వాంకోమైసిన్ రెండు ప్రోటాన్లను మోసుకుని 724.7 దగ్గర కనిపిస్తుంది. క్లోరోబైఫినైల్ తోక ఒకటి చేరితే భారం 200 పెరిగి శిఖరం 824.7కు జరుగుతుంది. ఆ శిఖరం కనిపించగానే సంబరపడితే తొందరపడినట్టే. ఎందుకంటే తోక చక్కెర మీద చేరినా, గొలుసు మొదట్లోని అమైన్ మీద చేరినా మొత్తం భారం ఒకటే. అందుకని ఆ అణువును మాస్ యంత్రంలోనే ముక్కలు చేయాలి. వాంకోసమైన్ చక్కెర విడిపోతే మామూలుగా 144 దగ్గర ఒక ముక్క కనిపిస్తుంది. తోక దానిమీదే ఉంటే ఆ ముక్క 344 దగ్గరకు వస్తుంది, చక్కెరలు ఊడిన మిగతా భాగం మాత్రం ఏ మార్పూ లేకుండా 1143 దగ్గరే నిలుస్తుంది. ఆ రెండూ ఒకే పటంలో కనబడితేనే మా గైడ్‌గారు నోటుపుస్తకంలో సంతకం పెట్టేవారు. “ఎన్ఎంఆర్ కూడా తీశావా అమ్మా?” అని అప్పటికీ అడిగేవారు, పరమాణువుల అమరికను చూపే ఎన్ఎంఆర్ పటం ఈ అణువుకు చిక్కుపడిన దారపుండ లాంటిదని ఆయనకూ తెలుసు.

దీన్ని మించిన చిక్కు ఒక్క యూనిట్ భారంలో దాగి ఉంటుంది. వాంకోమైసిన్‌ను కొద్దిపాటి ఆమ్లంలో ఎక్కువసేపు వేడిగా ఉంచితే గిన్నెలోని ఆస్పరాజిన్ తన అమైడ్‌ను కోల్పోయి మరో అమరికలోకి మారిపోతుంది. ఈ పాడైన రూపం భారంలో ఒక్క యూనిట్ మాత్రమే ఎక్కువ కాబట్టి, మాస్‌లో ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా గల పరమాణువుల) వల్ల వచ్చే శిఖరాల వరుస కింద కలిసిపోయి గమనానికి రాదు. హెచ్‌పీఎల్‌సీలో మాత్రం అసలు శిఖరం పక్కన భుజంలాగ వేరే శిఖరం వస్తుంది. దానికి బాక్టీరియాను చంపే శక్తి లేదు. అందుకే ద్రావకాన్ని ఆవిరిచేయడానికి వేడినీటి తొట్టెలో పెట్టకుండా, రియాక్షన్ మిశ్రమాన్ని చల్లని ఈథర్‌లో పోసి అవక్షేపాన్ని సెంట్రిఫ్యూజ్‌లో దించి తీసుకునేదాన్ని.

తరవాతిది ప్రిపరేటివ్ హెచ్‌పీఎల్‌సీ, అంటే అణువులను విడదీసి సేకరించుకోవడం. సి-18 కాలమ్, నీరు, ఎసిటోనైట్రైల్, 0.1 శాతం ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం, 280 నానోమీటర్ల దగ్గర డిటెక్టర్. మారని వాంకోమైసిన్ ముందు బయటికి వస్తుంది, ఒక తోకది మధ్యలో, రెండు తోకలది చివర్లో. ఈ రెండు తోకలదాన్ని తగ్గించడానికి ఆల్డిహైడ్‌ను లెక్కకు మించి వేయకూడదు. కాని తక్కువ వేస్తే మారని వాంకోమైసిన్ మిగిలిపోతుంది. నేను మిగిలిపోవడాన్నే ఎంచుకున్నాను, ఎందుకంటే దాన్ని విడదీయడం తేలిక. గాజుగొట్టాల్లో పట్టుకున్న భాగాలను కలిపి, గడ్డకట్టించి, అలాగే ఆరబెట్టే లయోఫిలైజర్‌కు తగిలిస్తే మర్నాటికి ఫ్లాస్కు గోడలకు తేలికైన తెల్లటి పొర మిగులుతుంది. మూత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. చిన్న గాలికే ఎగిరిపోతుంది, గ్లోవ్స్‌కు పట్టుకుంటుంది, తూకం గిన్నెలో పడకుండా అంచులకు అంటుకుంటుంది. గంటలకొద్దీ చేసిన పని మిల్లీగ్రాముల్లో తేలుతుంది. దాంట్లో ట్రైఫ్లోరోఎసిటేట్ లవణం కూడా ఉంటుంది కాబట్టి, మనిషి కణాల మీద పరీక్షకు పంపేముందు దాన్ని హైడ్రోక్లోరైడ్‌గా మార్చేవాళ్లం. లేకపోతే కణాలకు జరిగిన హాని మందువల్లనో లవణంవల్లనో తేల్చలేము.

కార్బాక్సిల్ వైపు మార్పు దీంతో పోలిస్తే సాఫీగా సాగింది. పెప్టైడ్ తయారీలో వాడే కప్లింగ్ రసాయనంతో డైమిథైల్ అమైనో ప్రొపైల్ అమైన్‌ను అమైడ్‌గా కలపడమే; భారం 84 పెరుగుతుంది, కొత్త ధనావేశం చేరుతుంది, నీటిలో కరగడం కూడా కాస్త మెరుగవుతుంది.

రసాయనం అక్కడితో ముగిసి సీసాలు మైక్రోబయాలజీ విభాగానికి చేరతాయి. అక్కడి మేడమ్ నాకు నేర్పిన మొదటి పాఠం, నా అణువు ఎంత గొప్పదో ఆవిడకు అక్కర్లేదని. ఏ ప్లేటులోనైనా ఏటీసీసీ 29213 అనే ప్రామాణిక స్టఫైలోకాకస్ రకం మీద మామూలు వాంకోమైసిన్ ఎంఐసీ మిల్లీలీటరుకు 0.5 నుంచి 2 మైక్రోగ్రాముల మధ్య రాకపోతే ఆ రోజు ప్లేటంతా చెత్తబుట్టలోకే. ఎంఐసీ అంటే బాక్టీరియా పెరుగుదలను కంటికి కనబడకుండా ఆపగల అతి తక్కువ గాఢత. 96 గుంటల ప్లేటులో మ్యూలర్ హింటన్ బ్రాత్ అనే పోషక ద్రవం పోసి, మందును గుంట గుంటకూ సగానికి తగ్గించుకుంటూ వెళ్లి, ప్రతి గుంటలో మిల్లీలీటరుకు 5 లక్షల చొప్పున బాక్టీరియా ఉండేలా చేర్చి, ఎంటరోకాకస్, వాంకోమైసిన్ జంటకైతే పూర్తిగా 24 గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచుతారు. ప్లేటును పైకెత్తి కిందనుంచి చూస్తే బాక్టీరియా పెరిగిన గుంటల అడుగున తెల్లటి బొత్తాం కనిపిస్తుంది. బొత్తాం లేని మొదటి గుంట సమాధానం.

కొవ్వు తోక ఉన్న మందుల విషయంలో ఇక్కడ ఒక మెలిక ఉంది. అవి ప్లాస్టిక్‌కు అంటుకుంటాయి. గుంటలో 1 మైక్రోగ్రాము ఉందని మనం రాసుకున్నా, అందులో చాలా భాగం గోడలకు పట్టుకుని బాక్టీరియాకు అందదు, ఎంఐసీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఒరిటావాన్సిన్ పరీక్షల్లో ఈ సంగతి బయటపడ్డాక, ఆ కుటుంబపు మందులను పరీక్షించేటప్పుడు బ్రాత్‌లో అలా అంటుకోకుండా చేసే పాలిసార్బేట్-80ను 0.002 శాతం కలపాలని ప్రమాణాల్లో చేర్చారు. మేడమ్ రెండు విధాలా పరీక్షించి రెండు అంకెలూ రాసేవారు. క్లోరోబైఫినైల్ అణువు విషయంలో ఆ రెండింటికీ మధ్య నాలుగు రెట్ల తేడా వచ్చింది. పాలిసార్బేట్ బాక్టీరియా పొరను బలహీనపరిచి మందుకు సాయం చేయడంలేదని చూపడానికి, అది మాత్రమే కలిపిన గుంటలు కూడా పక్కన ఉండాలి. ఈ రంగంలో ఎవరైనా గొప్ప ఎంఐసీ చెప్పినప్పుడు నేను మొదట వెతికేది ఈ వివరాన్నే.

ఫలితాలకు వస్తే, వాన్ఏ ఎంటరోకాకస్ మీద మామూలు వాంకోమైసిన్ 64 మైక్రోగ్రాముల దగ్గర కూడా చేతులెత్తేసింది. ఎంటరోకాకస్‌కు 4 వరకు ఉంటే లొంగినట్టు, 32 లేదా అంతకు మించితే లొంగనట్టు లెక్క. క్లోరోబైఫినైల్ తోక ఒక్కటే ఉన్న అణువు 4 దగ్గర ఆపింది. తోకతోపాటు ధనావేశ భాగం కూడా ఉన్నది 1 దగ్గర ఆపింది. తిన్నని గొలుసుల్లో పది కార్బన్లది అంతంతమాత్రం, పన్నెండుది మెరుగు, పద్నాలుగుది అన్నిటికంటే బలమైనది. ఈ పట్టిక చేతికొచ్చిన వారం మా ల్యాబులో అందరి చూపూ పద్నాలుగు కార్బన్ల గొలుసు మీదే ఉంది.

ఆ ఉత్సాహం రక్తపరీక్ష దగ్గర చల్లారింది. నైతిక సంఘం అనుమతితో, దాతల సంతకం తీసుకుని సేకరించిన రక్తంలోని ఎర్రకణాలను ఉప్పునీటిలో కడిగి, మందుతో 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి పైనీటిని చూస్తారు. కణాలు నిలబడితే పైనీరు తేటగా ఉంటుంది, పగిలితే ఎర్రబడుతుంది. పద్నాలుగు కార్బన్ల అణువు ఉన్న గొట్టాలు, యంత్రంలో పెట్టి కొలవనవసరం లేకుండానే, వరుసగా దానిమ్మరసం రంగుకు తిరిగాయి. బాక్టీరియా పొరలో దూరే గుణమే ఎర్రకణపు పొరనూ దెబ్బతీసింది. క్లోరోబైఫినైల్, ధనావేశం కలిసిన అణువు మాత్రం ఎంఐసీకి చాలా రెట్లు పైన కూడా పైనీటిని తేటగానే ఉంచింది. అది బిగుసైన, చిన్న తోక. మెత్తగా వంగే పొడవాటి గొలుసులాగ ఏ పొర దొరికితే అందులో చొచ్చుకుపోదు. ఇది నా అంచనా మాత్రమే, దీన్ని విడిగా నిరూపించే ప్రయోగం మేము చేయలేదు. ఆ రోజునుంచి ఎంఐసీ పట్టిక పక్కన రక్తం పట్టిక లేకుండా ఏ అణువు గురించీ మాట్లాడుకోకూడదని మా గైడ్‌గారు నియమం పెట్టారు.

సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) కలిపితే ఇంకో సంగతి తేలింది. కొవ్వు తోకలు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు కూడా అతుక్కుంటాయి. సగం సీరమ్ ఉన్న బ్రాత్‌లో మా మెరుగైన అణువు ఎంఐసీ 1 నుంచి 8కి పెరిగింది. ప్రోటీన్లకు ఇలా అతుక్కునే గుణం ఒక్కోసారి వరమవుతుంది: ఒరిటావాన్సిన్ శరీరంలో ఎన్నో రోజులు నిలిచి ఉంటుంది కాబట్టి 1200 మిల్లీగ్రాముల ఒకే మోతాదుతో చర్మపు బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ల చికిత్స పూర్తవుతుంది. అదే గుణం మరోచోట శాపమవుతుంది: టెలావాన్సిన్‌ను రూపొందించినప్పుడు కొవ్వు తోక పెట్టిన అణువు శరీరం నుంచి సరిగా బయటికి పోకపోవడంతో, బెంజీన్ వలయం మీద నీటిని ప్రేమించే ఫాస్ఫొనేట్ భాగాన్ని అదనంగా చేర్చారు. అంత చేసినా మూత్రపిండాలకు హాని గురించిన తీవ్ర హెచ్చరిక ఆ మందు వివరాల పత్రంలో ఉంటుంది.

ఈ-కోలై, క్లెబ్సియెల్లా వంటి గ్రామ్-నెగటివ్ బాక్టీరియా మీద మా అణువులేవీ పనిచేయలేదు. వాటికి వెలుపల ఇంకో పొర ఉంటుంది, అందులోని సన్నని ద్వారాల్లోంచి ఇంత పెద్ద అణువు పట్టదు. మన దేశపు ఐసీయూల్లో డాక్టర్లను ఎక్కువ కలవరపెడుతున్నది ఆ బాక్టీరియానే. మా పని సమస్యలో సగానికి కూడా సమాధానం కాదని నేను ఎక్కడ మాట్లాడినా ముందే చెబుతాను.

ఇక వైరస్‌ల సంగతి. యాంటీబయాటిక్కులు వైరస్‌ల మీద పనిచేయవని చిన్నప్పటినుంచి చెప్పుకుంటున్నదే, అది మామూలు వాడకంలో నూటికి నూరుపాళ్లూ నిజం. వైరస్‌కు వాంకోమైసిన్ పట్టుకోవలసిన గోడే లేదు. అయినా వాంకోమైసిన్ బంధువైన టైకోప్లానిన్ వేరే దారిలో పనిచేస్తుంది: మన కణంలోని కాథెప్సిన్-ఎల్ అనే ఎంజైమును అడ్డుకుని, ఆ ఎంజైము సాయంతో లోపలికి దూరే ఎబోలా, సార్స్, మెర్స్ వంటి వైరస్‌లను ప్రయోగశాల కణాల్లో నిలువరిస్తుందని 2016లో వచ్చిన పరిశోధన చూపింది. అంతకుముందే బెల్జియంలోని లువెన్ విశ్వవిద్యాలయపు రేగా సంస్థ, హంగరీలోని డెబ్రెట్సెన్ విశ్వవిద్యాలయం కలిసి టైకోప్లానిన్ అణువుకు కొవ్వు భాగాలు తగిలించి ఇన్‌ఫ్లుయెంజా మీద పనిచేసే అణువులను తయారుచేశాయి. వీటిలో కొన్నింటికి బాక్టీరియాను చంపే శక్తి పోయి వైరస్‌ను ఆపే శక్తి మాత్రమే మిగలడం నాకు చాలా ఆసక్తి కలిగించింది; ఒకే అణువులో ఉన్న రెండు గుణాలను రసాయనంతో విడదీయవచ్చన్నమాట.

కోవిడ్ రోజుల తరవాత అందరికీ ఈ ఆశ కలిగినట్టే మాకూ కలిగింది. మా అణువులను మరో సంస్థలోని వైరాలజీ ప్రయోగశాలకు పంపాము. వాళ్లు కొలిచేది రెండు అంకెలు: వైరస్‌ను సగానికి తగ్గించే గాఢత, కణాల్లో సగాన్ని చంపే గాఢత. ఈ రెండింటి మధ్య దూరం ఎంత ఉంటే అంత మంచిది. మా అణువుల్లో పద్నాలుగు కార్బన్లది వైరస్‌ను బాగానే ఆపినట్టు మొదట కనిపించింది, కాని అదే గాఢత దగ్గర కణాలు కూడా చచ్చిపోతున్నాయి. కణమే లేనిచోట వైరస్ పెరగకపోవడం మందు గొప్పతనం కాదు. క్లోరోబైఫినైల్ అణువుకు దూరం కొద్దిగా ఉంది, వదిలేయాలన్నంత తక్కువా కాదు, వెంటపడాలన్నంత ఎక్కువా కాదు. నేను దాన్ని సిద్ధాంతగ్రంథంలో ఒక అనుబంధంగా మాత్రమే రాశాను. ‘యాంటీవైరల్’ అన్న మాట శీర్షికలో పెడదామన్న సూచన వచ్చినా మా గైడ్‌గారు, నేను ఒప్పుకోలేదు. ఎరిత్రోమైసిన్ వలయంలో ఒక నైట్రోజన్‌ను చొప్పించి జాగ్రెబ్‌లోని ప్లివా కంపెనీ రసాయనవేత్తలు 1980లో తయారుచేసిన అజిత్రోమైసిన్ నిజంగా గొప్ప సవరణ. అయినా కోవిడ్ కాలంలో మన ఊళ్లలో చీటీ లేకుండా అమ్ముడుపోయిన ఆ మాత్రలు ఆసుపత్రిలో చేరిన రోగులకు మేలు చేయలేదని 2021లో బ్రిటన్‌లో రోగుల మీద జరిగిన ‘రికవరీ’ అనే అధ్యయనం తేల్చింది. ప్రయోగశాల గుంటలో కనిపించిన గుణానికి, మంచం మీది రోగికి మధ్య ఉన్న దూరాన్ని అంతకంటే స్పష్టంగా చూపిన ఉదాహరణ మా తరానికి ఇంకొకటి లేదు.

వ్యర్థాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. బాక్టీరియా ఉన్న ప్లేట్లు ఆటోక్లేవ్‌కు వెళతాయి, కాని యాంటీబయాటిక్ కలిసిన ద్రావకాలు, కాలమ్ కడిగిన నీళ్లు సింకులో పోయకూడదని, విడిగా డబ్బాల్లో పట్టి కాల్చడానికి పంపాలని మా ల్యాబులో కచ్చితమైన నియమం. హైదరాబాదులో ఈ నియమానికి వేరే వివరణ అక్కర్లేదు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. లొంగని బాక్టీరియాను చంపే మందును తయారుచేస్తూ, దాని వ్యర్థాన్ని నీళ్లలో వదిలి కొత్త నిరోధకతకు మేమే దారివేయడం ఎవరికీ సమ్మతం కాదు.

నిరోధకత మా అణువుకు కూడా వస్తుందా అని తెలుసుకోవడానికి ఎంఐసీకి సగం గాఢతలో బాక్టీరియాను పెంచి, మర్నాడు వాటినే మళ్లీ కొత్త ప్లేటులోకి మార్చుతూ వారాల తరబడి చూశారు మేడమ్. ఎంఐసీ రెండు మూడు రెట్లు పెరిగి అక్కడ ఆగింది. ఇది మంచి సంకేతమే. కాని గుంటల్లోని బాక్టీరియాకు ఆసుపత్రిలోలాగ పక్కవాటి నుంచి జన్యువులు అందిపుచ్చుకునే అవకాశం లేదు కాబట్టి, ఆ వాక్యాన్ని వ్యాసంలో రాసేటప్పుడు మేడమ్ ఎంత జాగ్రత్తగా ఉన్నారంటే, ‘ఈ పరిస్థితుల్లో’ అన్న మాట లేకుండా ఒక్క చిత్తుప్రతిని కూడా ఆమోదించలేదు.

ఇప్పుడు ఆ అణువు ఎలుకల దశకు చేరింది. తొడ కండరంలో ఇన్‌ఫెక్షన్ కలిగించిన ఎలుకలకు ఇచ్చి, బాక్టీరియా సంఖ్య ఎంత తగ్గిందో చూడాలి. దానికి మిల్లీగ్రాములు చాలవు, గ్రాములు కావాలి. ప్రిపరేటివ్ కాలమ్ మీద గ్రాములు తీయాలంటే ఎసిటోనైట్రైల్ ఖర్చే ల్యాబు బడ్జెట్‌ను మింగేస్తుంది. అందుకని నా తరవాత చేరిన విద్యార్థి, కాలమ్ లేకుండా పీహెచ్ మార్చి అవక్షేపంగా దించే పద్ధతి కోసం ప్రయత్నిస్తున్నాడు. శుద్ధత 90 శాతం దాటింది కాని, రెండు తోకల అణువు ఇంకా పూర్తిగా పోలేదు. 95 దాటితే తప్ప జంతుశాల వాళ్లు సీసా తీసుకోరు.